వీధిలో అన్నిటికన్నా అధ్వాన్నమైన ఇల్లు

మార్చి 3, ఆదివారం

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఈ డైరీ శవసంస్కారాల కంపెనీ వాళ్లు కొత్త సంవత్సరానికి ఊరికే పంచిపెట్టింది. జనవరి, ఫిబ్రవరి ఖాళీగా పోయాయి. వాళ్ల ఖాతాదారుల్లో చాలామందికి అలాగే పోయి ఉంటాయి. అయితే మంగళవారం నుంచి నేను వ్యాపారంలో దిగుతున్నాను. వ్యాపారస్థుడన్నవాడు ఏనాటి సంగతి ఆనాడే రాసిపెట్టుకోవాలంటారు. అందుకని పెన్ను తీశాను.

వెర్లీన్ ఇంట్లో లేదు. నది దాటి వెస్ట్ మెంఫిస్‌లో వాళ్ల చెల్లెలి దగ్గర ఉంటోంది. మోకాలు బాగాలేదు. చెల్లెలి ఇంట్లో మెట్లు లేవు. మా ఇంట్లోనూ మెట్లు లేవు, అది వేరే సంగతి.

వెళ్లేటప్పుడు ఒక మాట అంది: "పడగ్గదిలో ఆ బకెట్ ఉన్నంతకాలం నేను అక్కడ పడుకోను, లెమ్యూల్. అదో నేనో తేల్చుకో." కోపంలో అంది. మోకాలి నొప్పి మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది.

బకెట్ సంగతి ఏమిటంటే, కిందటేడు కాక అంతకు ముందేడు గాలివానకు పెకాన్ గింజల చెట్టు కొమ్మ విరిగి మా ఇంటి కప్పు మీద, సరిగ్గా పడగ్గది పైన పడింది. దాని మీద నీలం బరకం కప్పాను. తాత్కాలికంగా.

మార్చి 5, మంగళవారం

విమానాశ్రయం దగ్గర హోటల్లో క్లాసు. చెప్పే కుర్రాడి పేరు ట్రెంట్. పళ్లు చాలా ఉన్నాయి, అన్నీ చూపించాడు.

ఈ వ్యాపారం నాకు అర్థమైనంతలో ఇది. అమ్ముకోక తప్పని పరిస్థితిలో ఉన్నవాడి ఇల్లు వెతికి పట్టుకోవాలి. కాస్త బయానా ఇచ్చి, తక్కువ ధరకు కొంటానని అగ్రిమెంటు రాయించుకోవాలి. గడువు లోపల, రొక్కం ఉన్న మరో బేరగాణ్ని పట్టుకుని ఆ అగ్రిమెంటు అతనికి బదిలీ చేసేయాలి. తేడా మనది. ఇల్లు మనం కొన్నదీ లేదు, అమ్మిందీ లేదు. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపినవాణ్ని కనుక నాకిది కొత్తగా అనిపించలేదు. బస్సూ నాది కాదు, ఎక్కినవాళ్లూ నావాళ్లు కారు, వాళ్లు వెళ్లే చోట నాకేం పనీ లేదు. అప్పట్లో తేడా మాత్రం ఇవ్వలేదు.

నాకు ఉన్న చదువంతా పాత సామాను అమ్మకంలో కొన్న విజ్ఞాన సర్వస్వం సంపుటాల వల్ల వచ్చిందే. ఇంగ్లీషు అక్షరాల్లో ఏ నుంచి ఎం దాకా ఉన్నాయి, మిగతావి అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. గుర్రాల వ్యాధుల గురించి, హంగరీ గురించి, పెళ్లి గురించి నన్ను ఏమైనా అడగొచ్చు. రియల్ ఎస్టేట్ ఆర్‌లో వస్తుంది. క్లాసుకు వెళ్లక తప్పలేదు.

ట్రెంట్ మూడు సూత్రాలు చెప్పాడు. వీధిలో అన్నిటికన్నా అధ్వాన్నమైన ఇల్లు వెతకండి. "మీరు ఈ ఇల్లు ఎందుకు అమ్మాలనుకుంటున్నారు?" అని యజమానిని అడగండి. అడిగాక నోరు మూసుకోండి, ముందు మాట్లాడినవాడు ఓడిపోతాడు.

ఫీజు కాస్త ఎక్కువే. పైకప్పుకని దాచినది ఉంది కాబట్టి సరిపోయింది. ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు, పనిలో ఉంది. ఈ సంగతి ఫిబ్రవరిలో వెర్లీన్‌కు చెప్పాను. ఆ మర్నాడే ఆమె మోకాలి నొప్పి ఎక్కువైంది.

మార్చి 6

రాత్రి వాన. రెండుసార్లు లేచాను.

మార్చి 9, శనివారం

క్లాసులో పక్క కుర్చీలో కూర్చున్న కోర్ట్‌లాండ్ బిబ్స్ అనే అతను, నేనూ కలిసి తిరుగుదామనుకున్నాం. నలభై దాటాయి. ఇళ్ల పైకప్పులు వేస్తాడు. ఎండలో తారు పెంకుల మీద పాకి పాకి విసుగెత్తి, ఇక భూమ్మీద నిలబడి చేసే పని చూసుకుందామని క్లాసుకు డబ్బు కట్టాడట.

మా ఇంటి దగ్గరికి వచ్చి ఎక్కించుకుంటానన్నాడు. వద్దు, టిఫిన్ హోటల్ దగ్గర కలుద్దామన్నాను. వెర్లీన్ లేనప్పుడు ఇంటికి మనుషుల్ని పిలవడం బాగుండదు.

రోజంతా అతని ట్రక్కులో వీధులన్నీ తిరిగాం. నేను బస్సు నడిపిన వీధులే. ఏ మలుపులో ఏ ఆడమనిషి తన బాతుని సంచిలో పెట్టుకుని ఎక్కేదో చెబుతూ పోయాను. బాతుకు టికెట్ కొట్టాలా వద్దా అన్నది మా డిపోలో చాలా కాలం నలిగింది. నేను కొట్టేవాణ్ని. పిల్లలకిచ్చే సగం టికెట్.

"పెద్దాయనా, బాతు తర్వాత, ఇళ్లు చూడండి," అన్నాడు కోర్ట్‌లాండ్. నా పేరు ఇంతవరకు అడగలేదు, పెద్దాయనా అనే పిలుస్తాడు.

చూడాల్సిన గుర్తులు ట్రెంట్ చెప్పినవే: మోకాళ్లెత్తు గడ్డి, వాకిట్లో ఎవరూ తీయని వార్తాపత్రికలు, గాలి దిగిపోయి కదలని కారు, వేలాడే చూరు గొట్టం. అన్నిటికన్నా మేలైన గుర్తు, కప్పు మీద నీలం బరకం.

"బరకం కనపడిందంటే లోపల మనిషి చేతులెత్తేశాడన్నమాటే," అన్నాడు కోర్ట్‌లాండ్. "ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను కదా. బరకం కప్పినవాడు తాత్కాలికం అంటాడు. తాత్కాలికం అన్నవాడు మళ్లీ నిచ్చెన ముట్టుకోడు."

ఔనన్నాను.

సాయంత్రం దాకా ఒక్కటి కూడా దొరకలేదు. ఇంటికొచ్చి గడ్డిలోంచి నడిచి వాకిట్లో పత్రికలు దాటుకుని లోపలికి వెళ్లాను. కాళ్లు లాగుతున్నాయి.

మార్చి 14, గురువారం

కరెంటు స్తంభాలకు బోర్డులు కొట్టాం. "మీ ఇల్లు కొంటాం. రొక్కం. ఎలా ఉన్నా సరే." నా అక్షరాలు వంకరగా ఉంటాయని కోర్ట్‌లాండ్‌కు సంతోషం. వంకర అక్షరాలను జనం నమ్ముతారని ట్రెంట్ చెప్పాడట. కింద నా ఫోన్ నంబరు.

ఫోన్లు వచ్చాయి. ఒకతను తన ఇల్లు కాదు, పక్కింటివాణ్ని అమ్ముతానన్నాడు. ఒక ముసలాయన బోర్డు మీద మేకు ఎక్కడ కొన్నావని అడిగి, మేకుల గురించి చాలాసేపు మాట్లాడాడు. మంచి మనిషి. ఒక ఆవిడ "బుద్ధుందా, చర్చి ముందు స్తంభానికి కొడతావా?" అంది. ఆమెకు ఇల్లు అమ్మే ఆలోచన ఏమైనా ఉందా అని అడిగాను. పెట్టేసింది.

మార్చి 17, ఆదివారం

చర్చి అయ్యాక వెర్లీన్‌కు ఫోన్ చేశాను.

"మోకాలు ఎలా ఉంది?"

"ఏ మోకాలు?" అంది.

తర్వాత, "బకెట్ ఎలా ఉంది?" అని అడిగింది.

బాగానే ఉందన్నాను. వ్యాపారం బాగా సాగుతోందని, ఒక్క బేరం కుదిరితే కప్పు మొత్తం వేయించేస్తానని చెప్పాను.

"లెమ్యూల్, కప్పు వేయించడానికి దాచిన డబ్బుతో కప్పు వేయించే డబ్బు సంపాదించడం నేర్చుకుంటున్నావు," అంది.

అలా అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది కానీ పెట్టుబడి అంటేనే అది. ఈ ముక్క చెప్పేలోపల వాళ్ల చెల్లెలు భోజనానికి పిలిచింది. క్యాట్‌ఫిష్ వేయిస్తున్న చప్పుడు ఫోన్లో వినిపించింది. నేను డబ్బాలో బీన్స్ తిన్నాను.

మార్చి 22, శుక్రవారం

ఊరంతా తిరిగితే దొరకనిది ఎదురింట్లో దొరికింది.

మిస్ ఎర్లీన్ కాబిన్స్‌కు ఎనభై దాటాయి. పెళ్లయినా కాకున్నా పెద్ద ఆడవాళ్లను ఇక్కడ మిస్ అనే పిలుస్తాం. మా ఎదురిల్లే. నా బస్సు రోజూ ఎక్కేది, చిల్లర ఎప్పుడూ సరిగ్గా ఇచ్చేది. ఇవాళ వాకిట్లోంచే చెయ్యి ఊపి పిలిచింది.

"అబ్బాయ్ లెమ్యూల్, స్తంభాల మీద ఉన్నది నీ నంబరేనా?"

"ఔనండీ, మిస్ ఎర్లీన్."

"అక్షరాలు చూసి అనుకున్నాలే. ఎవరో తాగినవాడో, నువ్వో అని. లోపలికి రా."

చట్టనూగాలోని మేనకోడలి దగ్గరికి వెళ్లిపోతుందట. ఇల్లు అమ్మాలి. ట్రెంట్ చెప్పినట్టే అడిగాను: "మీరు ఈ ఇల్లు ఎందుకు అమ్మాలనుకుంటున్నారు?" నోరు మూసుకున్నాను.

ఆమె కూడా నోరు మూసుకుంది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఫ్రిజ్ రెండుసార్లు ఆగి మళ్లీ మొదలైంది. ఎనభై ఏళ్ల మనిషికి ఎక్కడికీ తొందర ఉండదు. చివరికి నేనే నోరు విప్పాను. ఓడిపోయానన్నమాట.

"చూడండి, ఈ ఇల్లు నేను కొనను. మీ దగ్గర ఒక ధరకు రాయించుకుని, పైన కొంచెం వేసుకుని ఇంకొకడికి ఇచ్చేస్తాను." ఇది చెప్పకూడదని క్లాసులో చెప్పారు.

"నీ జేబులో కప్పు వేయించే డబ్బే లేదు, నా ఇల్లేం కొంటావులే," అంది. "నువ్వు ఎంత మిగుల్చుకుంటావు?"

చెప్పాను. ఆలోచించింది.

"సరే. నాకు డెబ్బై వేలు చేతికి రావాలి. పైది నీది. నేను నెలాఖరు దాకా ఉంటాను, తర్వాత నెల మొత్తం కూడా ఉంటానేమో. తొందరపెడితే అగ్రిమెంటు చింపేస్తాను."

సంతకం పెట్టింది. బయానా కింద వంద డాలర్లిచ్చాను. లెక్కపెట్టుకుంది. లేచేటప్పుడు వంటింటి కిటికీలోంచి మా ఇంటి వైపు చూస్తూ, "వెర్లీన్ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

మోకాలు తగ్గగానే అన్నాను.

"ఓహో, మోకాలా," అంది.

మార్చి 23

వ్యాపారస్థుణ్నయ్యాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. బీన్స్.

మార్చి 29, శుక్రవారం

రొక్కం పెట్టే బేరగాడు వచ్చాడు. ప్రూయిట్ అని, అద్దెకిచ్చే ఇళ్లు ముప్పై నలభై దాకా ఉన్నాయట. దారి అడిగితే, "మా వీధిలోకి తిరగండి, ఇల్లు మీకే తెలుస్తుంది," అన్నాను. అమ్మే ఇల్లు ఎప్పుడూ అధ్వాన్నంగానే ఉంటుందన్న ధీమాతో.

కారు దిగి సరాసరి మా ఇంటి ముందు నిలబడ్డాడు. బరకం చూశాడు, గడ్డి చూశాడు, నా పాత బ్యూక్ కారు చక్రాలు చూశాడు. "చెప్పినంతా ఉందయ్యా," అన్నాడు. "ఎంత?"

"అది కాదండీ. ఎదురుగా ఉన్నది."

వెనక్కి తిరిగి మిస్ ఎర్లీన్ ఇల్లు చూశాడు. ఆమె గులాబీలు కత్తిరించుకుంటోంది. లోపలికి వెళ్లి గోడలు తట్టాడు, కుళాయిలు తిప్పాడు, ఎక్కడా వంక దొరకలేదు. బయటికొచ్చి, "ఇల్లు బాగుంది. నీ ధర మాత్రం కుదరదు," అన్నాడు.

"ఎందుకండీ?"

"ఎదురుగా అది పెట్టుకుని ఇక్కడ అద్దెకెవడుంటాడు? పొద్దున్నే తలుపు తీస్తే కనబడేది ఆ బరకమే కదా. ఎనిమిది వేలు తగ్గించుకో."

నాకు మిగిలేది ఎనిమిది వేలకు కాస్త తక్కువ.

"ఆ ఇల్లు ఎవరిదో తెలుసా?" అన్నాడు. "వాడు దొరికితే అదీ తీసుకుంటాను. అలాంటివాడు ఎంతకైనా ఇచ్చేస్తాడు."

కనుక్కుంటానన్నాను. దొరకడం కష్టమని కూడా చెప్పాను.

గులాబీల దగ్గర మిస్ ఎర్లీన్ దగ్గింది. ఆమెకు జలుబు లేదు.

ఏప్రిల్ 2

గడ్డి కోసే యంత్రం స్టార్టు కాలేదు. మంచి సంకల్పం ఉంది.

ఏప్రిల్ 4, గురువారం

ఇది వరసగా రాయాలి.

పొద్దున్న హోటల్లో కోర్ట్‌లాండ్ నాకన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది. నాక్కూడా గ్రిట్స్ అనే మొక్కజొన్న జావ చెప్పేశాడు.

"పెద్దాయనా, బోణీ! నా బోణీ!"

అతను నాకు తెలియకుండా ఇంకో పద్ధతి చేశాడట. ఆకాశం నుంచి తీసిన ఫోటోలు కంప్యూటర్లో చూసి, నీలం బరకాలున్న ఇళ్లన్నీ ఏరి, రికార్డుల్లో యజమానుల పేర్లు తీసి, ఇప్పుడు ఎక్కడుంటే అక్కడికి తన చేత్తో ఉత్తరాలు రాసి పంపాడు. ఒక ఆవిడ ఫోన్ చేసింది.

"మొగుడూ పెళ్లాల పేర్ల మీద ఉంది. ఈవిడ వచ్చేసి వేరే చోట ఉంటోంది. పాపం ఎంత బాధ పడుతోందో! పడగ్గదిలో చుక్క చుక్క పడుతూనే ఉంటుందట. ఈయన కప్పు వేయించడానికి దాచిన డబ్బంతా తీసుకెళ్లి ఏదో పనికిమాలిన క్లాసుకు తగలేశాడట."

"ఏ క్లాసు?" అన్నాను.

"అడగలేదు. వెల్డింగో ఏదో అయి ఉంటుంది. ఎలాంటి మనుషులుంటారో చూడండి."

నేను గ్రిట్స్‌లో వెన్న కలుపుకున్నాను.

"ఇద్దరూ సంతకం పెట్టాలి కదా," అన్నాను.

"పెడతాడంది. ఆయనకూ విసుగొచ్చింది, ఆ సంగతి ఆయనకింకా తెలీదు అంది. ఆ మాట రాసి పెట్టుకున్నాను. శనివారం పదింటికి ఆ ఇంటి దగ్గరే సంతకాలు. సగం సగం పంచుకుని ఎవరి దారి వాళ్లు. చెల్లెలి పక్కనే చిన్న ఇల్లు కూడా చూసుకుందట."

"చూసుకుందా?"

"ముందు గది, రెండు పడగ్గదులు. కొత్త కప్పు." చెంచా నావైపు చూపించాడు. "మీరూ రండి. పక్కన ఒక పెద్దమనిషి ఉంటే ఆ మొగుడు గొడవ చెయ్యడు."

వీలు చూసుకుని వస్తానన్నాను. అతనే డబ్బిచ్చాడు. బోణీ కదా.

ఏప్రిల్ 5

వెర్లీన్‌కు ఫోన్ చేశాను. చెల్లెలు తీసింది. "అక్క బట్టలు సర్దుకుంటోంది, బావా," అంది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మోకాలు అడిగాను. నవ్వింది.

ఎం సంపుటం తీసి పెళ్లి గురించి మళ్లీ చదివాను. హంగరీలో ఎలా చేసుకుంటారో ఉంది.

ఏప్రిల్ 6, శనివారం

తెల్లవారగానే పత్రికలన్నీ తీసేశాను. మిస్ ఎర్లీన్ దగ్గర యంత్రం తెచ్చి గడ్డి కోశాను. ఎవరికోసమో కాదు, ఊరికే. తర్వాత వాకిట్లో కూర్చున్నాను.

పదింటికి కోర్ట్‌లాండ్ ట్రక్కు వచ్చి ఆగింది. నన్ను చూసి తలుపు సగం తీసి అలాగే ఆగిపోయాడు.

"పెద్దాయనా! ఇది నా బేరం! మీకు నమ్మకంగా చెబితే మీరే ముందొచ్చి కూర్చుంటారా?"

వెనకే చెల్లెలి కారులోంచి వెర్లీన్ దిగింది. నీలం గౌను. చక్కగా నడుస్తోంది.

"ముందు రావడమేమిటి నాయనా," అంది. "నలభై ఏళ్ల కిందటే వచ్చి అందులో కూర్చున్నాడు. ఈయనే మా ఆయన."

కోర్ట్‌లాండ్ తలుపు మూసుకుని ట్రక్కులోనే కాసేపు ఉండిపోయాడు. తర్వాత దిగి, టోపీ తీసి, వాకిలి అంచున కూర్చున్నాడు. గ్రిట్స్ దగ్గర తనన్న మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"వెల్డింగ్ కాదా?" అన్నాడు చివరికి.

"కాదు," అన్నాను.

వెర్లీన్ అగ్రిమెంటు కాగితం తీసి వాకిట్లో ఉన్న బల్ల మీద పెట్టింది. "చదువుకో. ఎం దాకా చదివినవాడివి కదా."

నేను చదవలేదు. ఏం మాట్లాడాలో తోచక, నోటికొచ్చిన పాఠం అప్పజెప్పాను. "మీరు ఈ ఇల్లు ఎందుకు అమ్మాలనుకుంటున్నారు?" మీరు అనే అన్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"రాత్రి వాన పడుతుంది," అంది. "నా మొగుడు లేస్తాడు. బకెట్ తీసుకెళ్లి పారబోస్తాడు. తెచ్చి మళ్లీ అక్కడే పెడతాడు. మంచి నిద్ర పడుతుంది ఆయనకి. రెండేళ్లలో ఒక్కసారి కూడా తలెత్తి ఆ చిల్లు వైపు చూడలేదు. నేను పడుకుని చూస్తూ ఉంటాను. నీతో ముసలిదాన్ని కావడానికి ఒప్పుకున్నాను లెమ్యూల్. బకెట్‌తో కాదు."

అడిగాక నోరు మూసుకోవాలని సూత్రం. ఈసారి సూత్రం కోసం మూసుకోలేదు.

కోర్ట్‌లాండ్ తల వంచుకుని టోపీ అంచు తిప్పుతున్నాడు. ఎదురింటి వాకిట్లో మిస్ ఎర్లీన్ కుర్చీ మా వైపు తిప్పుకుని కూర్చుంది.

"నేను ఎక్కలేను వెర్లీన్," అన్నాను. "ఆ కొమ్మ పడ్డ మర్నాడు నిచ్చెన వేశాను. రెండో మెట్టు మీద కాళ్లు వణికాయి. దిగిపోయాను. ఎలాగోలా కింది నుంచే బరకం విసిరాను."

"నాకు చెప్పలేదేం?"

దానికి సమాధానం ఏ సంపుటంలో ఉంటుందో తెలియదు.

ఆమె బ్యాగు తెరిచి వెతికింది. తర్వాత కలం తీసి కాగితం మీద సంతకం పెట్టింది. నా గుండె ఆగిందని రాయను. కొట్టుకుంటూనే ఉంది, అదే ఇబ్బంది.

"నాది పెట్టేశాను," అంది. "దీన్ని నీ దగ్గరే ఉంచు. ఇక పడబోయే మొదటి వాన దాకా ఆగుతాను. ఆ వానకు బకెట్‌లో ఒక్క చుక్క కనబడ్డా నువ్వూ పెట్టు. సగం సగం. కోర్ట్‌లాండ్, నీకు సమ్మతమేనా నాయనా?"

"సమ్మతమేనమ్మా," అన్నాడు. అతని బోణీ సంగతి ఎవరికీ గుర్తులేదు.

కారు వెళ్లిపోయింది. కోర్ట్‌లాండ్ లేచి, వాకిట్లోంచి వీధిలోకి వెనక్కి వెనక్కి నడిచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కప్పు వైపు చూశాడు. చెడ్డమాట ఒకటి అన్నాడు.

"నేను ఈ పని మానేద్దామనే క్లాసుకు వచ్చాను," అన్నాడు.

"తెలుసు."

"గురువారం వాన అంటున్నారు."

ఏప్రిల్ 7, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. మిస్ ఎర్లీన్ వెళ్లి, దేవుడితో మా ఇద్దరి తరఫునా కూడా మాట్లాడానని చెప్పింది.

ఆమె షెడ్డులో తారు పెంకుల కట్టలున్నాయి. భర్త రాస్కో పోయే ముందు ఏదో కట్టాలని కొని పెట్టాడట. ఆకుపచ్చవి. "వీటిని మోయించి పారేయించడానికి నేను డబ్బివ్వాలి. తీసుకుపో," అంది. "నాకు కావలసింది ఒక్కటే. ఆ కిటికీలోంచి రెండేళ్లుగా ఆ బరకమే చూస్తున్నాను. వెళ్లేలోపల ఒక్కరోజైనా ఇంకోటి చూడాలి."

అవి వీధివైపు ఉన్న సగానికి సరిపోతాయట. వెనక సగం గట్టిగానే ఉంది, అది గోధుమరంగు. ఇల్లు ముందు ఒక రంగు, వెనక ఒక రంగు అవుతుంది. వెనక నుంచి ఎవరు చూస్తారు, పెకాన్ చెట్టు తప్ప.

ఏప్రిల్ 8, సోమవారం

కోర్ట్‌లాండ్ బరకం లాగేశాడు. కింద కలప కుళ్లిపోయింది. కప్పు మధ్యలో పెద్ద చిల్లు. పడగ్గదిలో నిలబడి తలెత్తి చూశాను. ఆకాశం, అందులో కోర్ట్‌లాండ్ ముఖం.

"మీకిప్పుడు కనబడిందా పెద్దాయనా?" అన్నాడు.

కనబడింది.

నేను కింద నిలబడి మేకులు అందించాను. కూలి ఎంతో మాట్లాడుకోలేదు. మిస్ ఎర్లీన్ బేరం కుదిరి నాకు ఏమైనా వస్తే అదంతా అతనికే అనుకున్నాం. కలప డబ్బు కూడా అతనే ముందు పెట్టాడు. మొట్టమొదటి లాభం మొత్తం నా నెత్తిమీది కప్పుకే వెళ్తుంది.

ఏప్రిల్ 9

వాన ఒకరోజు ముందుకు జరిగిందట. బుధవారం రాత్రి.

ఏప్రిల్ 10, బుధవారం

మధ్యాహ్నం ప్రూయిట్ కారులో వచ్చాడు, ఇంకోసారి చూసుకుందామని. మా ఇంటి ముందు ఆపి, కప్పు మీదున్న కోర్ట్‌లాండ్‌ను చూశాడు.

"ఎవడో కొనేశాడన్నమాట," అన్నాడు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఆ యజమాని అమ్మనన్నాడండీ," అన్నాను. "మొండివాడు."

"ఛ. మంచి బేరం." వెనక్కి తిరిగి మిస్ ఎర్లీన్ ఇంటిని మళ్లీ చూశాడు. "సరే, అదైనా ఇవ్వు. నువ్వు ముందు చెప్పిన ధరకే."

అగ్రిమెంటు అతని పేరుకు బదిలీ చేశాను. చేతులు కలిపాడు. అప్పుడు గమనించాను, నా చేతికి తారు అంటి ఉంది.

చీకటి పడేలోపల చివరి పెంకు కొట్టడం అయిపోయింది. కోర్ట్‌లాండ్ నిచ్చెన దిగి, మోకాళ్లు పట్టుకుని కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. భోజనానికి ఉండమన్నాను. ఏముందన్నాడు. బీన్స్ అన్నాను. వెళ్లిపోయాడు.

బకెట్‌ను రోజూ పెట్టే చోటే పెట్టాను. తుడిచి, అడుగున వెర్లీన్ సంతకం పెట్టిన కాగితం పరిచాను. తడిస్తే సిరా చెబుతుంది. నేను చెబితే నమ్మే రోజులు కావు.

ఏప్రిల్ 11, గురువారం

రాత్రంతా వాన. ఒక్కసారి కూడా లేవలేదు. నిద్రా పోలేదు. పడుకుని కప్పు వైపు చూస్తూ ఉన్నాను. చాలాసేపు చూడాల్సినంత ఏమీ లేదక్కడ. ఆమె రెండేళ్లు చూసింది.

తెల్లవారాక కూడా పడుతూనే ఉంది. వెర్లీన్ ఎనిమిదింటికి వచ్చింది. చెల్లెలు ఇంజను ఆపకుండా కారులోనే కూర్చుంది. వెర్లీన్ చేతిలో హ్యాండ్‌బ్యాగ్ తప్ప ఏమీ లేదు. వీధిలో గొడుగు కింద నిలబడి ఆకుపచ్చ సగాన్ని చూసింది. ఎదురింటి కిటికీలో మిస్ ఎర్లీన్ కాఫీ కప్పు కనిపించింది.

పడగ్గదిలోకి వెళ్లింది. నేను గుమ్మం దగ్గరే ఆగాను. బకెట్‌లోకి వంగి, కాగితం తీసి, రెండువైపులా వేళ్లతో తడిమి చూసింది. నా సంతకం చోటు ఖాళీగా ఉంది. చింపుతుందేమో అనుకున్నాను. మడిచి బ్యాగులో పెట్టుకుని జిప్పు వేసింది.

"రంగు బాగాలేదు," అంది.

"రాస్కోవి," అన్నాను.

వంటింట్లోకి వెళ్లి, నేల చూసి, ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత బయటికి వెళ్లి చెల్లెలితో ఏదో చెప్పింది. కారు వెళ్లిపోయింది.

తిరిగొచ్చి బకెట్ తెమ్మంది. తెచ్చి ఇచ్చాను. కుళాయి కింద పెట్టి నీళ్లు పట్టి, వంటింటి నేల కడిగింది.